పైడమ్మకు తగిలించిన రెండు పేర్లు

పోయిన నెల కళ్ళు తిరుగుతున్నాయని మా అమ్మాయిని తోడు తీసుకుని ఒక క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడి నర్సుకి ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయేమో, చురుకైన పిల్ల. నా జబ్బకి బీపీ పట్టీ చుడుతూ తల తిప్పి మా అమ్మాయిని అడిగింది. "మామ్మగారికి ఏటండి? గుర్తుంటన్నాయా, అన్నీ మర్సిపోతన్నారా?"

నేను ఆ పిల్లకి మూరెడు దూరంలో కూర్చున్నాను. నా చెయ్యి ఆ పిల్ల చేతిలోనే ఉంది. బీపీ ఎంతుందో నాకు చెప్పమ్మా, నేనూ జీవితమంతా ఈ పనే చేశాను అన్నాను. ఆ పిల్ల మా అమ్మాయి వైపు చూసి జాలిగా నవ్వింది. నేను నర్సునన్న మాట కూడా మతి తప్పి అన్నానని అనుకున్నట్టుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఎవరు ఆపారు అనేవి మీకు అక్కర్లేని సంగతులు. నరం ఎక్కడ దొరుకుతుందో, సూది ఎలా పెట్టాలో మీకు కాలేజీలోనే చెప్తారు. ముసలివాళ్ళ గురించి మనం వాడే మాటలు మనుషుల్ని ఎలా చంపుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

మా వార్డులో మాటలు

నేను పనిచేసింది నర్సీపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. పేరు రాయను. ఆ భవనం కూడా ఇప్పుడు లేదు. మాది మిషన్ చర్చి కుటుంబం. మా ఇంట్లో ఆడపిల్ల పుడితే నర్సు లేదా టీచరు అని ముందే రాసిపెట్టి ఉండేది. అలా నేను నర్సునయ్యాను.

మా దగ్గరికి వచ్చేవాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళ రైతులు. బలిఘట్టం వైపు నుంచి, యలమంచిలి దారిలో ఊళ్ళ నుంచి, చెరుకు బళ్ళ వెనకాల జీపుల్లో కుక్కుకుని వచ్చేవారు. పిల్లలకి జ్వరమొస్తే ఎప్పటినుంచి, ఎంత, వాంతి అయిందా అన్నీ చెప్పేవారు. ఎద్దుకి కడుపుబ్బరం వస్తే అది ముందురోజు ఏం మేసిందో కూడా చెప్పగలరు. అదే ముసలమ్మని తీసుకొస్తే ఒకటే మాట. "సాదస్తమండీ." ముసలాయన అయితే, "ఏటుంది, వయసైపోనాది."

మాటలకి కొదవ లేదు. మతిమరుపు, బుర్ర చెడింది, మళ్ళీ చంటిపిల్లయిపోయింది, కాటికి కాళ్ళు చాపుకుంది. చదువుకున్నవాళ్ళయితే 'పండుటాకు' అంటారు. మర్యాదగానే ఉంటుంది మాట. రాలిపోతుంది, ఊడ్చేద్దాం అనే కదా అర్థం.

ఇంకోటి కూడా గమనించాను. చెప్పిందే చెప్పే మగాడిది అనుభవం, ఆడదానిది చాదస్తం. కారణం లేకుండా అరిచే తాతకి కోపం ఎక్కువ. అలాగే అరిచే మామ్మకి పిచ్చి. ఒకే జబ్బుతో పక్కపక్క మంచాల మీద ఉన్న మొగుడూపెళ్ళాలకి కూడా ఈ తేడా చూపించారు మా ఊరి జనం. ఇంట్లోవాళ్ళే కాదు, మా వార్డు ఆయాలూ, డ్యూటీ డాక్టర్లూ అదే పాట పాడేవారు. డ్యూటీ మారేటప్పుడు మంచం నంబరు చెప్పి 'చాదస్తం కేసు' అనేస్తే ఆ మంచం దగ్గర ఎవరూ ఆగక్కర్లేదు.

ఇది అలసత్వం కాదు, అంతకన్నా చెడ్డది. జబ్బుకి పేరు పెడితే వైద్యం మొదలవ్వాలి. ఈ పేర్లు పెడితే వైద్యం ఆగిపోతుంది.

పెద్ద డాక్టరుగారి టార్చిలైటు

తొంభైల్లో మా ఆసుపత్రిని నడిపిన ఆయన్ని అందరం పెద్ద డాక్టరుగారు అనేవాళ్ళం. మంచివాడని రాయలేను. ఆయన నోరు మంచిది కాదు. దూది తడిగా ఉందని నన్ను అందరి ముందు ఏడిపించాడు. రోగి బంధువుల్ని కసిరేవాడు, కాంపౌండర్ మీద ట్రే విసిరేవాడు. కానీ ముసలివాళ్ళ విషయంలో ఆయన పద్ధతి లాంటిది మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"వయసు చీటీ మీద ఉంది. నాకు జబ్బు చెప్పు" అనేవాడు. అది డ్యూటీ డాక్టరుకైనా సరే, కొడుక్కైనా సరే.

రెండో పద్ధతి టార్చిలైటు. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. వేరే జిల్లాల వాళ్ళు వింటే నమ్మరు. నోరు మూసుకుంటే చుట్ట కొస తప్ప ఏమీ కనిపించదు. నిప్పు లోపల ఉండగానే నాట్లు వేస్తారు, పొయ్యి ఊదుతారు, తగువులాడతారు. మా అమ్మమ్మ క్రైస్తవురాలయ్యాక కూడా మానలేదు. పాస్టరుగారు ఇంటికొస్తే చుట్ట అంతా లోపలికి నెట్టుకుని, ప్రార్థన అయ్యేవరకూ కళ్ళు మూసుకుని ఎంతో భక్తిగా కూర్చునేది.

ఆ నిప్పు సెగకి అంగిట్లో పుళ్ళు లేస్తాయి, ముదిరితే కేన్సరు అవుతుంది. అందుకని ఏ ముసలమ్మ ఏ జబ్బుతో వచ్చినా, కాలికి దెబ్బ తగిలి వచ్చినా సరే, ముందు నోరు తెరిపించి టార్చి వేసి చూడాలన్నది ఆయన రూలు. మేం విసుక్కునేవాళ్ళం. ఆ రూలే పైడమ్మని బతికించింది.

ఎడమ పక్క

పైడమ్మది బలిఘట్టం దాటాక ఒక ఊరు. చెరుకు, వరి పండించుకునే కుటుంబం. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. కొడుకు సన్నిబాబు, కోడలు నూకరత్నం ఆవిణ్ణి ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. వైద్యానికి కాదు. రెండు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించుకుని వెళ్ళిపోవడానికి. తిండి మానేసింది, నోరు ఎండిపోయి ప్రాణం పోకుండా అని సన్నిబాబు చెప్పాడు. పాడె మీద పెట్టబోయే ముందు నాలుగు చుక్కలు పోసినట్టు ఆ రోజుల్లో బాటిల్ ఎక్కించేవారు. మా వాళ్ళకి అదొక ఆచారం లాగ అయిపోయింది.

నెలరోజులుగా పగలంతా నిద్రే. బట్టల్లోనే మూత్రం పోస్తోంది. కొడుకుని చచ్చిపోయిన మొగుడి పేరు పెట్టి పిలుస్తోంది. చుట్ట కాల్చుకోవడం కూడా మర్చిపోయి నోరు కాల్చుకుంది, ఇల్లు తగలబెడుతుందని అగ్గిపెట్టె దాచేశారు. డ్యూటీ డాక్టరు ఇదంతా విని వయసు వల్ల అని రాసి, బాటిల్ పెట్టమని నాకు చెప్పి వెళ్ళాడు.

నేను బాటిల్ వేలాడదీస్తుండగా పెద్ద డాక్టరుగారు రౌండుకి వచ్చాడు. అలవాటు ప్రకారం పైడమ్మ గడ్డం పట్టుకుని నోరు తెరిపించాడు. టార్చి వేసి చాలాసేపు చూశాడు. నన్నూ చూడమన్నాడు. నాలుక మీద, బుగ్గ లోపల కాలిన మచ్చలు. అన్నీ ఎడమ పక్కనే. కుడి పక్క శుభ్రంగా ఉంది.

ఎన్నాళ్ళ నుంచి కాలుస్తోందని నూకరత్నాన్ని అడిగాడు.

"నా పెల్లికి ముందు కాణ్ణుంచేనండి. సుట్ట నోట్లో ఎట్టుకునే ఊడ్పులు ఊడ్సీది. ఒక్కపాలీ కాల్సుకోనేదు బాబూ. ఈ నెల్లోనే. మరి సాదస్తం ఒచ్చీసినాది కదండీ."

"చాదస్తం నోట్లో ఎడమ పక్కకే వచ్చిందా?" అన్నాడాయన.

పైడమ్మని లేపి కూర్చోబెట్టించి, రెండు చేతులూ ముందుకి చాపమన్నాడు. కుడి చెయ్యి నిలబడింది. ఎడమ చెయ్యి నెమ్మదిగా కిందకి దిగిపోయింది. ఈ మధ్య ఎక్కడైనా పడిందా అని అడిగాడు. లేదని కొడుకు, లేదని కోడలు. అప్పుడు పైడమ్మ కళ్ళు సగం మూసుకునే అంది.

"నూతికాడ పడ్నాను."

అదేదో అలా వాగుతూ ఉంటుంది లెండి అన్నాడు సన్నిబాబు. పెద్ద డాక్టరుగారు అతని వైపు తిరిగి, "నువ్వు నోరు ముయ్యి. ఆవిడ చెప్తోంది" అన్నాడు.

నూతి చప్టా మీద పాకుడికి జారి తలకి దెబ్బ తగిలించుకుందట. నెల దాటింది. లేచి బిందె ఎత్తుకుని ఇంటికొచ్చేసింది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆ దెబ్బకి పుర్రెకీ మెదడుకీ మధ్య నెత్తురు కొంచెం కొంచెంగా ఊరి, మెదడుని నొక్కుతోంది. ఒంట్లో ఎడమ పక్కంతా మొద్దుబారుతోంది. నోట్లో ఎడమ పక్క నిప్పు తగిలినా ఆవిడకి తెలియలేదు. మర్చిపోవడం కాదు అది.

విశాఖపట్నం తీసుకెళ్ళమంటే సన్నిబాబు నసిగాడు. ఈ వయసులో అంత దూరం ఎందుకండీ అన్నాడు. చెడ్డవాడు కాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు. నెలరోజులుగా ఊరంతా, చివరికి మా డ్యూటీ డాక్టరు కూడా, ఒకటే మాట చెప్తుంటే నమ్మేశాడు. పెద్ద డాక్టరుగారు అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గాని, సాయంత్రానికల్లా జీపు బయల్దేరింది.

అక్కడ పుర్రెకి చిన్న బెజ్జం వేసి నెత్తురు తీశారు. కొన్నాళ్ళకి పైడమ్మ తన కాళ్ళ మీద నడుచుకుంటూ మా వార్డుకి వచ్చింది. బెల్లం దిమ్మ తెచ్చింది. నా చెయ్యి పట్టుకుని అన్న మాట నేను చచ్చేవరకూ మర్చిపోను.

"ఆలందరూ మాటాడతంటే నాకు ఇనిపించీదమ్మా. నోటికి మాట బేగి అందీది కాదు. ఆలని ఈలని అడిగీవోరు గాని, నన్ను ఎవులూ అడగనేదు."

అడ్డపొగ మానెయ్యాలని పెద్ద డాక్టరుగారు గట్టిగా చెప్తే తల ఊపింది. నోటితో ఒప్పుకోదేమిటా అని చూస్తే, ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది. ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

పెద్ద పేరు వచ్చింది

పెద్ద డాక్టరుగారు వయసైపోయి వెళ్ళిపోయాక, రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత, కొత్త డాక్టరుగారు వచ్చాడు. పెద్ద డాక్టరుగారికి పూర్తిగా భిన్నం. ఇస్త్రీ నలగని చొక్కా, నెమ్మదైన మాట. ఆయాని కూడా అండీ అనేవాడు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. టార్చిలైటు రూలు పోయింది. ముసలమ్మల నోళ్ళు చూడడం మోటుగా ఉంటుందన్నాడు.

ఆ రోజుల్లోనే టీవీల్లో, పేపర్లలో అల్జీమర్స్ అనే మాట రావడం మొదలైంది. నేను సంతోషించాను. ఎందుకంటే నిజంగా మెదడు అరిగిపోయే జబ్బు ఒకటుంది. దానికి మనకి సరైన మాట లేక పిచ్చి అన్నాం, గాలి సోకిందన్నాం. వేపకొమ్మలతో కొట్టించాం, పశువుల సాలలో గుంజకి కట్టేశాం. ఇది జబ్బు, మనిషి తప్పు కాదు అని చెప్పే మాట వచ్చిందంటే మంచిదే కదా అనుకున్నాను. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి అన్న రకం వైద్యాలు పోతాయనుకున్నాను.

పైడమ్మకి ఎనభై వచ్చాక ఆ జబ్బు వచ్చింది. ఈసారి నిజంగానే. నూకరత్నం వెంటనే పాత తల దెబ్బతో పోల్చుకుని, మళ్ళీ నెత్తురు గడ్డ కట్టిందేమో తీయించండి అని తీసుకొచ్చింది. కొత్త డాక్టరుగారు స్కానింగ్ చేయించాడు. నెత్తురు లేదు. పైడమ్మ కోడల్ని "అమ్మా" అని పిలుస్తోంది. అన్నం ముద్ద చేసి జాకెట్లో దాచుకుంటోంది. ఆయన జబ్బు పేరు సరిగ్గానే చెప్పాడు. అక్కడివరకూ నాకు ఆయన మీద ఫిర్యాదు లేదు.

తర్వాత నూకరత్నాన్ని కూర్చోబెట్టి మర్యాదగా వివరించాడు. దీనికి మందు లేదు. రాను రాను ముదురుతుంది. అరుస్తుంది, కొడుతుంది, లేవనంటుంది, తిండి మానేస్తుంది. ఇవన్నీ జబ్బు లక్షణాలు, మీరు కంగారు పడి మాటిమాటికీ తీసుకురానక్కర్లేదు. నూకరత్నం చదువుకోలేదు. ఆ మాటలన్నీ దేవుడి మాటల్లాగ విని, ఒక్కటీ మర్చిపోకుండా గుర్తుపెట్టుకుంది.

అత్తని అంత బాగా చూసుకున్న కోడలిని నేను ఎరగను. కట్టెయ్యలేదు, కసరలేదు. నడిపించకపోతే కాళ్ళు బిగుసుకుపోతాయని చెప్తే రోజూ నడిపించింది.

ఒక ఏడాది గడిచాక నూకరత్నం ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. అత్త లేపితే చాలు అరుస్తోందని చెప్పింది. డాక్టరుగారు మనిషిని చూడకుండానే, జబ్బు ముదిరిందమ్మా అని నిద్రమాత్రలు రాశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. మాత్రల మోతాదు పెంచాడు. ఆ రెండుసార్లూ నేను ఆపరేషను థియేటర్లో ఉన్నాను, నాకు తెలియదు. మూడోసారి మందుల కొట్టు దగ్గర కనిపించి చెప్పింది. కొడుతోంది కూడానండి, ఇవాళ నా చెయ్యి కొరికేసింది అని గాటు చూపించింది.

ఎప్పుడు అరుస్తుంది అని అడిగాను. లేపినప్పుడే. పడుకుంటే? పడుకుంటే అరవదు. బండి కట్టించుకుని తీసుకురమ్మన్నాను. డాక్టరుగారు లాభం లేదన్నారు కదండీ అంది. నేను చెప్పానని తీసుకురా అన్నాను.

తెచ్చారు. పైడమ్మ ఎండిపోయిన చెరుకు పిప్పిలా ఉంది. నేను దుప్పటి తీశాను. అంతే, వేరే ఏమీ చెయ్యలేదు. కుడి కాలు ఎడమ కాలి కన్నా పొట్టిగా ఉంది, పాదం బయటికి తిరిగి పడిపోయి ఉంది. మొదటి ఏడాది చదివే నర్సు పిల్లకి చూపించినా తుంటి విరిగిందని చెప్తుంది. ఎక్స్‌రేలో విరిగిన ఎముక కొసలు రాసుకుని రాసుకుని నునుపెక్కి ఉన్నాయి, అంటే చాలా రోజుల కిందటే ఎక్కడో పడింది, ఎవరూ చూడలేదు.

కొత్త డాక్టరుగారు ఆ ఫిల్ముని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. "ఈ ఏజ్‌లో, ఆ జబ్బుతో, ముందే తెలిసినా పెద్దగా చేసేదేం ఉండదు సిస్టర్" అన్నాడు. చాలా నెమ్మదిగా, మర్యాదగా అన్నాడు. పెద్ద డాక్టరుగారు విసిరే ట్రే ఆ రోజు నా చేతిలో ఉండుంటే బాగుండేది.

చేసేదేం ఉండదట. నొప్పికి సూది మందు వేశాం, కాలు కదలకుండా కట్టాం. అరుపు ఆగిపోయింది. జబ్బు అరుపు అయితే ఆగకూడదు కదా? ఆ సాయంత్రం పైడమ్మ అన్నం తింది. నా చెయ్యి నిమిరింది. నేనెవరో ఆవిడకి తెలియదు. విశాఖలో ఎముకల వాళ్ళు ఆలస్యమైపోయిందన్నారు, వీపంతా అప్పటికే పుళ్ళు. ఆ సీజను చెరుకు కొట్టకముందే పోయింది.

నేను చెప్పదల్చుకున్నది

మీరు చదువుకున్న పిల్లలు. చాదస్తం అనకూడదని మీకు తెలుసు. డెమెన్షియా అంటారు, అల్జీమర్స్ అంటారు. సరైన మాటే అంటారు. నా కోపం అక్కడే. మొదటిసారి పైడమ్మకి తగిలించింది తప్పు పేరు. రెండోసారి పెట్టింది ఒప్పు పేరు. తప్పు పేరు పెట్టినప్పుడు ఆవిడ బతికింది, ఎందుకంటే ఒక నోటిదురుసు మనిషి ఆ పేరుని లెక్కచెయ్యకుండా నోరు తెరిపించి చూశాడు. ఒప్పు పేరు పెట్టినప్పుడు కుళ్ళి చచ్చిపోయింది, ఎందుకంటే పేరు తెలిసిపోయాక ఎవరూ దుప్పటి తియ్యలేదు.

మతి పోయినవాళ్ళకి కాలు విరగదా? పంటి నొప్పి రాదా? మూత్రం ఆగిపోదా? చెప్పలేరు కాబట్టి అరుస్తారు, కొడతారు, కొరుకుతారు. అది కూడా మాటే. పసిపిల్ల ఏడిస్తే చీమ కుట్టిందేమో అని బట్టలన్నీ విప్పి చూస్తాం. మళ్ళీ చంటిపిల్లయిపోయిందని ముసలమ్మని అంటాం గాని, ఆ పాటి మర్యాద కూడా ఆవిడకి చెయ్యం.

మీ డాక్టరు ఏ పేరు రాసినా రాయనివ్వండి. మీరు మాత్రం మంచం దగ్గర ఆగండి. ముందు ఆవిణ్ణే అడగండి, తోడొచ్చినవాళ్ళని తర్వాత అడగండి. జవాబు రాకపోతే కాసేపు నిలబడండి. కొందరికి మాట బేగి అందదు. కొత్త డాక్టర్లకి కోపం వస్తుందేమో, రానివ్వండి. నాకూ వచ్చింది కోపం, ఎవడు లెక్కచేశాడు?

పైడమ్మ పోయిన తర్వాత నూకరత్నం ఒకసారి ఆసుపత్రికి వచ్చింది. ఒంట్లో బాగోలేక కాదు, నా కోసమే. నా డ్యూటీ అయ్యేదాకా మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. చాలా రోజులుగా లోపల తిప్పుకున్న మాటని బయటపెట్టినట్టు అడిగింది.

"రోజూ పొద్దున్నే జబ్బలొట్టుకుని నేవదీసీదాన్ని సిస్టరు గారూ. ఇరిగిన కాలు మీద నడిపించీసినాను. అరిస్తే, జబ్బు అరుస్తన్నాది గాని మాయత్త కాదనుకున్నాను. ఆ జబ్బు పేరు నాకు సెప్పకపోయుంటే, కాలు నొప్పేటో అని బేగి తెచ్చీసీదాన్ని కదా?"

తెచ్చేదానివే అన్నాను. ఆమెకి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. తప్పు నీది కాదమ్మా అని కూడా అన్నాను. ఆ రెండో మాట చెప్పేసరికి ఆమె మెట్లు దిగిపోతోంది.